నాలుగు చిల్లుల బొత్తాం

మా ఆయన అబద్ధం చెబుతారు. చాటుమాటుగా కాదు, జీతం తీసుకుని, పదిమంది మధ్య నిలబడి, గొంతెత్తి మరీ చెబుతారు. పెళ్ళయిన కొత్తలో ఈ సంగతి మా పుట్టింటివాళ్ళకు ఎలా విడమరచాలో తెలియక, మ్యూజియంలో గైడు అని చెప్పి ఊరుకున్నాను. అదీ నిజమే.

మా మ్యూజియంలో రాజుల కత్తులూ కిరీటాలూ ఉండవు. ఓడల్లో డాక్టరుగా తిరిగిన ఒక పెద్దాయన, ఓడ ఆగిన ప్రతి రేవులోనూ ఏదో ఒక ఇంటి సామాను కొని తెచ్చుకునేవారట. తాళాలు, చెంచాలు, పెన్సిళ్ళు, డబ్బాలు, బొత్తాలు. ఆయన పోయాక ఆయన కూతురు మేడ మీద తానుంటూ, కింది గదులు జనం చూడడానికి తెరిచారు. ఆవిడను మేమందరం మేడమ్ అంటాం. అందరం అంటే మా ఆయనా నేనూ అన్నమాట, ఇంకెవరూ లేరు. ఆయన గదులు తిప్పి చూపిస్తారు. నేను వీధి గుమ్మం పక్కన బల్ల వేసుకుని టికెట్లు చించుతాను, సందు దొరికితే అద్దాల బీరువాలు తుడుస్తాను.

ఆయన పద్ధతి చెబుతాను. వచ్చిన గుంపును బీరువా బీరువా దగ్గరా ఆపి, ఆ వస్తువు ఎలా పుట్టిందో చెబుతారు. అన్నీ నిజాలే, ఒక్కటి తప్ప. ఆ ఒక్కటీ ఆయన సొంతంగా అల్లింది. అంతా చూపించాక గుంపును నా బల్ల ముందు నిలబెట్టి, "ఇంతసేపూ నేను చెప్పినవాటిలో ఒకటి అబద్ధం. అదేదో చెప్పి కదలండి" అంటారు. పట్టుకున్నవాళ్ళు గోడ గడియారానికి కీ ఇవ్వొచ్చు. పట్టుకోలేకపోతే ఆయనే చెప్పేస్తారు. అబద్ధాన్ని మాత్రం ఎవరి వెంటా గుమ్మం దాటనివ్వరు. పిల్లలు ఆయన్ని అబద్ధాల మాస్టారు అంటారు, దానికాయన పొంగిపోతారు.

పట్టుకునేవాళ్ళు చాలా తక్కువ. రేకు డబ్బా పుట్టాక దాదాపు అర్ధశతాబ్దానికి గానీ దాన్ని తెరిచే సాధనం పుట్టలేదని, అప్పటిదాకా ఉలీ సుత్తీ పెట్టి పగలగొట్టుకుని తిన్నారని చెబితే, అదే అబద్ధం అంటారు. గీస్తే వెలిగే అగ్గిపుల్ల కంటే లైటరు ముందు పుట్టిందంటే పకపకా నవ్వుతారు. మీసం తడవకుండా లోపల చిన్న అరుగు కట్టిన టీ కప్పును కళ్ళెదుట పెట్టినా నమ్మరు. రబ్బరు రాకముందు పెన్సిలు గీతల్ని రొట్టె ముక్కతో చెరిపేవారంటే, ఆకలి తెలియని దేశమా అని ఒకాయన కోప్పడ్డాడు కూడా. ఇన్నేళ్ళు ఆ గుమ్మంలో కూర్చుని నేను తెలుసుకున్నదొకటే. నిజానికి ఎక్కడో ఒక వంకర ఉంటుంది. అబద్ధం ఇస్త్రీ చేసి ఉంటుంది. జనానికి ఇస్త్రీ బట్టలే ఇష్టం.

బొత్తాం అబద్ధం పుట్టినప్పుడు నేను ఆయన పక్కనే ఉన్నాను. జనం లేని మధ్యాహ్నం. ఆయన చొక్కా బొత్తాం ఊడి వేలాడుతుంటే, విప్పే ఓపిక లేదన్నారని ఒంటి మీదే కుడుతున్నాను.

"కదిలారంటే సూది దిగుతుంది, తర్వాత నన్నని లాభం లేదు. అయినా ఈ బొత్తానికి నాలుగు చిల్లులు దేనికి? రెండు చాలవూ?" అన్నాను.

"నలుగురు పిల్లల తల్లి ఎవరో పెట్టించి ఉంటుంది" అన్నారు వేళాకోళంగా. అని, బొత్తాల బీరువా వైపే చూస్తూ ఉండిపోయారు. ఆ ముఖం నాకు తెలుసు. సాయంత్రం గుంపు వచ్చేసరికి కథ తయారైంది.

అప్పటిదాకా బొత్తాల బీరువా దగ్గర ఆయన నిజాలే చెప్పేవారు. బొత్తాం మొదట నగగా పుట్టిందని, కాజా అనేది ఎన్నో వందల ఏళ్ళ తర్వాత గానీ రాలేదని. బొత్తాం అన్న మాటే అల్మారా, తువ్వాలు లాంటి మాటలతో పాటు పోర్చుగీసు ఓడలు దిగి మన నోళ్ళలోకి వచ్చిందని. జనం ఆవలించేవారు. ఇప్పుడు కొత్త కథ. ఒక రేవు పట్నంలో ఒక తల్లి. నలుగురు కొడుకులూ ఓడలెక్కి వెళ్ళిపోయారు. అప్పట్లో బొత్తాలకు రెండే చిల్లులు. ఆవిడ మరో రెండు పొడిపించి, ఒక్కో కొడుకు పేరున ఒక్కో రంగు దారం తీసి, ఆ బొత్తాన్ని గుండెల మీద కుట్టుకుంది. రోజూ పొద్దున్నే బట్టలు తొడుక్కుంటూ నలుగురినీ వేలితో తడిమేది. చూసినవాళ్ళు ఎందుకని అడిగారు, విన్నవాళ్ళు తామూ కుట్టుకున్నారు. అలా నాలుగు చిల్లుల బొత్తాం లోకమంతా పాకింది.

ఒక్కరూ ఆవలించలేదు. గుమ్మం దగ్గర అది అబద్ధమని చెప్పగానే గుంపంతా ఉసూరుమంది. ఒకావిడ, "ఆ డబ్బా సంగతి అబద్ధమైనా బాగుండేదండీ" అంది.

అలా కొంతకాలం సజావుగానే సాగింది. తర్వాత ఫోనులో వీడియోలు తీసి పెట్టే ఒక అమ్మాయి వచ్చింది. బొత్తాం కథంతా చిత్రీకరించుకుంది. ఇంతలో ఎవరో ఫోను చేస్తే, చివరి గది చూడకుండానే నా బల్ల ముందునుంచి పరుగున వెళ్ళిపోయింది. నేను టికెట్లు లెక్కపెట్టుకుంటూ తలెత్తలేదు. ఆయన గుమ్మం దగ్గరికి వచ్చి తలలు చూసుకుని, "ఆ ఎర్ర సంచీ అమ్మాయేదీ?" అన్నారు. వెళ్ళిపోయిందన్నాను. ఆయన ముఖం వాడిపోయింది. నాకు నవ్వొచ్చింది, ఒక్క అబద్ధం బయటికి పోతే ఏమవుతుందిలే అనుకున్నాను.

ఏమయిందంటే, ఆ అమ్మాయి వీడియో చూసి వారం తిరక్కుండా వీధి మలుపు దాకా జనం. అందరికీ 'అమ్మ బొత్తాం' కావాలి. డబ్బాల వంక చూసేవాడు లేడు. తిన్నగా బొత్తాల బీరువా దగ్గరికి పోయి, కళ్ళు తుడుచుకుని, ఫొటో దిగడం. గుమ్మం దగ్గర మా ఆయన యథాప్రకారం అది అబద్ధమంటే, ఆయన మీదికే తిరగబడ్డారు. రిటైరైన ఒక హెడ్మాస్టరుగారు, "మీకు సరిగ్గా తెలియదు. నేను వివరంగా చదివాను" అని ఆ తల్లి పేరు, ఊరు, పోయిన సంవత్సరం కూడా చెప్పారు. మా ఆయన అల్లిన మనిషికి జనం కాళ్ళూ చేతులూ మొలిపించి, ఆఖరికి సమాధి కూడా కట్టారు.

ఆయన ఆ వీడియో అమ్మాయి నంబరు సంపాదించి బతిమాలారు. మంచి పిల్ల, అది కట్టుకథ అని ఇంకో వీడియో పెట్టింది. దాన్ని చూసినవాళ్ళు మేమిద్దరం, వాళ్ళమ్మానూ.

ఒకరోజు మేడమ్ మెట్లు దిగి వచ్చారు. ఆవిడ గట్టిగా మాట్లాడే మనిషి కాదు. పైకప్పు కారి మీసాల కప్పు బీరువాలోకి నీళ్ళు దిగుతున్నాయి, గోడలు నెమ్మెక్కాయి. ఇన్నేళ్ళకు మ్యూజియానికి నాలుగు రాళ్ళు వస్తున్నాయి.

"మీరు అబద్ధం చెప్పమని నేను అనడం లేదు మాస్టారూ. చివర్లో ఆ ప్రశ్న ఒక్కటీ అడక్కండి. పైకప్పు బాగయ్యేదాకా. అందరూ ఎంత సంతోషంగా వెళ్తున్నారో మీరే చూస్తున్నారుగా" అన్నారు. ఆగి, మెల్లగా, "లేదంటే ఈ తలుపులు మూసుకోవాల్సిందే" అని కూడా అన్నారు.

ఆయన నా వైపు చూశారు. నేను మేడమ్ పక్షమే. తలూపాను. మా ఇంట్లో పొయ్యి వెలిగేది ఆ తలుపులు తెరిచి ఉన్నంతకాలమే కదా.

ఆయన ప్రశ్న మానేశారు. దాంతో పాటు మాట కూడా మానేశారు. బొత్తాం దగ్గర కథను నేలచూపులు చూస్తూ గబగబా అప్పజెప్పేవారు, బడిలో ఎక్కాలు చెప్పినట్టు. జనం మాత్రం అలాగే కళ్ళు తుడుచుకునేవారు. ఇంటికొస్తే కూరలో ఉప్పెక్కువైనా అనరు, తక్కువైనా అనరు. వాగుడుకాయని కట్టుకున్నానని ఇన్నేళ్ళూ ఊరంతా చెప్పుకున్నదాన్ని, ఆ నిశ్శబ్దం భరించలేకపోయాను.

"ఎవరి కొంప ముంచారని ఇంత బాధ? వింటున్నారు, సంతోషిస్తున్నారు, పోతున్నారు. ఎవరికి నష్టం?" అని ఒంటికాలి మీద లేచాను.

"చివర్లో అడిగితే అది ఆట. అడక్కపోతే మోసం" అన్నారు. కంచం ముందునుంచి లేచి చెయ్యి కడుక్కున్నారు.

నాకు ఒళ్ళు మండింది. జవాబు తోచకపోవడం వల్ల ఇంకా ఎక్కువ మండింది.

ఆ తర్వాత కొద్దిరోజులకు ఒకావిడ వచ్చింది. నా కంటే పెద్దది, ఒక్కతే. ముదురు నీలం స్వెట్టరు, మెడ దాకా బొత్తాలు పెట్టుకుని ఉంది. టికెట్టు ఇస్తూ, "దూరం నుంచి వచ్చారా?" అన్నాను. అవునని తలూపింది. గుంపు వెనకాల నిలబడి అన్ని గదులూ ఓపిగ్గా చూసింది. డబ్బా దగ్గర కూడా ఆగి విన్నది. బొత్తాం దగ్గర మాత్రం ముందుకు వచ్చి, కథ అయిపోయాక కూడా అద్దం మీద చెయ్యి వేసి నిలబడింది.

గుంపు వెళ్ళిపోయాక ఆవిడ మా ఆయన దగ్గరికి వచ్చింది. నా బల్లకు చేరువలోనే కాబట్టి ప్రతి మాటా నాకు వినబడింది. మేడమ్ అప్పుడే మెట్లు దిగుతూ సగంలో ఆగారు.

"చూడండి" అని ఆవిడ స్వెట్టరు మీద నడిమి బొత్తాం చూపించింది. మిగతా బొత్తాలు నీలం, అది తెల్లది, పెద్దది. నాలుగు చిల్లుల్లోనూ నాలుగు రంగుల దారం.

"నాకూ నలుగురండీ. పెద్దవాడు పోయాడు. అప్పట్నించీ పిల్లలెంతమంది అని ఎవరడిగినా మాట మార్చేసేదాన్ని. నలుగురంటే పెద్దవాడేం చేస్తున్నాడని అడుగుతారు. ముగ్గురంటే వాణ్ణి నేనే చంపుకున్నట్టుంటుంది. పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ వెళ్ళడం మానేశాను ఈ ఒక్క ప్రశ్నకి భయపడి. ఫోనులో మీ కథ విన్నాక దీన్ని కుట్టుకున్నాను. ఇప్పుడు ఎవరడిగినా దీని మీద వేలు పెట్టుకుని నలుగురని చెప్పేస్తున్నాను. అలాంటి తల్లి ఒకావిడ నా కంటే ముందు ఉందని తెలియడం ఎంత ధైర్యమో మీకు తెలియదు. మీకు దణ్ణం పెట్టుకుని పోదామని వచ్చాను."

చేతులు జోడించింది.

ఆయన ఏం చెప్పబోతున్నారో ఆ ముఖం చూడగానే నాకు తెలిసిపోయింది. ఆవిడ వెనకనుంచి చేతులు ఊపాను, వద్దు వద్దని తల తిప్పాను, పెదవుల మీద వేలు పెట్టుకున్నాను. మెట్ల మీద మేడమ్ కూడా కదలకుండా ఆయన వంకే చూస్తున్నారు. ఆయన మా ఇద్దరినీ చూశారు. చూసి కూడా ఆవిడ చేతులు పట్టుకుని కిందికి దించారు.

"అమ్మా, ఈ దణ్ణం నేను తీసుకోకూడదు. ఆ కథ నేను అల్లాను. అది అబద్ధం."

ఆవిడకు వెంటనే అర్థం కాలేదు. "అంటే?"

"అంటే ఆ రేవు లేదు, ఆ ఓడలు లేవు. బొత్తానికి నాలుగు చిల్లులు గట్టిగా నిలుస్తుందని పెట్టుకున్నారు, ఎవరు మొదలుపెట్టారో నాకు తెలియదు. చివర్లో ఇది అబద్ధమని చెప్పడం నా అలవాటు. ఈమధ్య చెప్పడం మానేశాను. తప్పు నాది."

ఆవిడ పక్కనున్న బెంచీ మీద కూర్చుండిపోయింది. నేను మంచినీళ్ళు పట్టుకుని పరిగెత్తాను. ఆ క్షణాన మా ఆయన మీద వచ్చినంత కోపం నాకు జన్మలో రాలేదు. నిజం చెప్పాలని అంత దురద ఉంటే ఆ హెడ్మాస్టరుకి ఇంకోసారి చెప్పుకోవచ్చు కదా. ఊతకర్ర పట్టుకుని నిలబడ్డ మనిషి దగ్గర్నించి కర్ర లాక్కుంటారా ఎవరైనా? ఆవిడ గ్లాసు పట్టుకుంది గానీ తాగలేదు.

"ఎవరైనా చెబితే విన్నారా, మీకే తోచిందా?" అంది.

"నాకే తోచింది. మా ఆవిడ నా చొక్కాకి బొత్తాం కుడుతుంటే."

ఆవిడ నా వైపు చూసింది. నేను తల దించుకున్నాను, నేనేదో చేసినట్టు.

"అయితే అలాంటి తల్లి ఎవరూ లేదంటారు."

"లేదమ్మా."

ఆవిడ ఆలోచించింది. బొత్తాం మీద వేలు పెట్టుకుని ఒక్కో దారం తడుముతూ ఆలోచించింది. మా ఆయన ఆవిడ ముందు చేతులు కట్టుకుని, దెబ్బ కోసం చూస్తున్న మనిషిలా నిలబడ్డారు.

"మరి నేనెవర్నండీ?" అంది.

ఆయన తలెత్తి చూశారు.

"కథ మీరు అల్లారు, సరే. కుట్టుకున్నది నేను కదా. నలుగురని నోరు విప్పి చెప్పిందీ నేనే కదా. ఇంతకాలం ఆవిడెవరో చేసింది చూసి నేనూ చేశాననుకున్నాను. ఎవరూ చెయ్యలేదంటున్నారు. అయితే నేనే మొదటిదాన్ని."

గ్లాసు ఎత్తి నీళ్ళన్నీ తాగింది. లేచి స్వెట్టరు సర్దుకుంది. గుమ్మం దాకా నేను కూడా వెంట నడిచి, బస్సు ఎన్నింటికని అడిగాను. చెప్పి, వెళ్ళిపోయింది.

ఆయన జేబులోంచి బీరువాల తాళాలు తీసి మేడమ్ చేతికి ఇవ్వబోయారు. అప్పుడు నా కోపం ఎటు పోయిందో తెలియదు. ఈ మనిషి నా మనిషి అని గర్వంగా అనిపించింది, ఇంట్లో పొయ్యి సంగతి కూడా అప్పటికి గుర్తు రాలేదు. మేడమ్ తాళాలు తీసుకోలేదు. వీధి గోడకు కట్టిన 'అమ్మ బొత్తాం' బ్యానరు తాళ్ళు తానే విప్పుతూ, "కప్పు కారితే గిన్నెలు పెట్టుకుందాం మాస్టారూ. రేపట్నించి ప్రశ్న అడగండి" అన్నారు.

జనం పలచబడ్డారు. వాన పడితే మీసాల కప్పు పక్కన స్టీలు గిన్నె పెడుతున్నాం. ఆయన నోరు మళ్ళీ తెరుచుకుంది, నా వంటకు వంకలు మళ్ళీ మొదలయ్యాయి.

కొత్త అబద్ధం ఒకటి చెంచాల బీరువాలోకి చేరింది. అదేదో నేను చెప్పను, వచ్చి పట్టుకోండి. బొత్తాం దగ్గర ఆయన ఇప్పుడు వేరే చెబుతారు. "దీన్ని చూసి నేనొక కథ అల్లాను. నలుగురు కొడుకుల తల్లి కథ. అది నిజమనుకుని ఒక తల్లి, పోయిన బిడ్డతో కలిపి తన నలుగురి పేరునా, నాలుగు రంగుల దారాలతో ఇలాంటి బొత్తాం కుట్టుకుంది. ఆ పని లోకంలో మొదట చేసింది, నాకు తెలిసి, ఆవిడే." ఇంతే చెప్పి పక్క బీరువాకు నడుస్తారు.

చివర్లో గుమ్మం దగ్గర, నా బల్ల ముందు నిలబెట్టి, అబద్ధమేదో చెప్పమంటారు. ఇప్పుడు ఎవరూ డబ్బా పేరు ఎత్తరు. నూటికి తొంభైమంది బొత్తాం అంటారు. అలాంటి తల్లి ఎక్కడ ఉంటుందండీ, అదే అబద్ధం అంటారు.

"కాదండీ" అంటారాయన. "మిగతా నిజాలన్నీ నేను పుస్తకాల్లో చదివి చెప్పినవి. అదొక్కటే కళ్ళారా చూసింది."